నరసన్న వేసిన దిమ్మ

పల్లెల్లో వంశపారంపర్యపు పనులు ఎందుకు మారిపోతున్నాయో తెలుసుకోవడానికి మా బృందం ఒక ప్రశ్నల పట్టిక తయారుచేసుకున్నది. అందులో పదకొండవ ప్రశ్న: "పూర్వపు పనిని ఎందుకు విడిచిపెట్టారు?" జవాబుకు ఒక గీతంత చోటు మాత్రమే ఉంచాము. చాలామంది ఆ చోటులో వానలు లేవనో, నేల చేజారిందనో, కూలి గిట్టడం లేదనో రాయించారు. 1956 వేసవిలో, కడప నుంచి ఒంటిమిట్టకు పోయే దారిలోని ఒక పల్లెలో, నరసన్న అనే నలభై ఏళ్ళ మనిషి రాయించింది మూడే మాటలు: "నా చెయ్యి ఆలస్యమైంది."

జవాబులను వర్గాలుగా విడదీసేటప్పుడు ఈ ఒక్కటి ఎక్కడా ఇమడలేదు. మూడేళ్ళ తరువాత నేను మళ్ళీ ఆ ఊరికి వెళ్ళడానికి అది ఒక కారణం. అప్పటికి నరసన్న లేడు. అతని భార్య సుంకమ్మ రెండు పూటలు కూర్చుని అంతా చెప్పింది. అతనితో కలిసి విమానాల మైదానంలో పనిచేసిన మెకానిక్ దేవేంద్రప్ప తనకు తెలిసిన భాగం చెప్పాడు. మొదటి రాకలో నరసన్న నోట విన్నవి నా దగ్గర ఉన్నాయి. ఈ మూడింటినీ సరిచూసుకుని రాస్తున్నాను. సుంకమ్మ కోరినట్లు ఊరి పేరు చెప్పడం లేదు; మనుషుల పేర్లు మార్చాను.

ఆ ఊరి చెన్నకేశవస్వామికి పెద్ద తేరు ఉన్నది. తేరును లాగడానికి ఊరంతా వస్తుంది. దాన్ని ఆపవలసినవాళ్ళు మాత్రం ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. చింతమొద్దును ముక్కోణంగా చెక్కి, వెనక మూరెడు పిడి పెట్టిన దిమ్మ వాళ్ళ పనిముట్టు. కదిలే చక్రం ముందు దిమ్మ వేస్తే, చక్రానికున్న ఇనుపపట్టా దిమ్మమీదికి కొంచెం ఎక్కి నిలిచిపోతుంది. ముందరి చక్రాలు రెండింటికీ ఒకేసారి దిమ్మలు వేస్తే తేరు ఆగుతుంది. కుడి చక్రానికి మాత్రమే వేస్తే, ఎడమ చక్రం నడుస్తూనే ఉంటుంది కనుక తేరు కుడికి తిరుగుతుంది. వీధి మలుపుల్లో తేరును తిప్పడానికి ఇంతకుమించి మరో ఉపాయం లేదు. ఎడమ చక్రం శివన్నది, కుడి చక్రం అతని తమ్ముడు నరసన్నది. వాళ్ళ తండ్రి, తాత కూడా ఆ చక్రాల పక్కనే నడిచారు. ఇందుకు వాళ్ళకు కూలి లేదు. తిరునాళ్ళ రోజు ఊరి పెద్దలు ఇద్దరికీ తలపాగాలు చుట్టించేవారు, స్వామి ప్రసాదం మొదటి దోసిలి వాళ్ళ చేతుల్లో పడేది. మిగిలిన మూడువందల అరవైనాలుగు రోజులూ వాళ్ళు మెట్ట సేద్యం చేసుకునే మామూలు మనుషులు.

శివన్న భార్య భీమమ్మ. పెళ్ళయి పన్నెండేళ్ళు గడిచినా ఆమె కడుపు పండలేదు.

1950 తిరునాళ్ళలో రెండు విషయాలు కొత్తవి. మొదటిది, గుడి ముందునుంచి తన అంగడి మలుపు దాకా ఉన్న దిగుడు వీధికి షావుకారు రామసుబ్బయ్య నున్నటి కడప బండలు పరిపించాడు. అంతకుముందు అది మట్టివీధి. తేరు వెనక లేచే దుమ్ములో పిల్లలు, ముసలివాళ్ళు దగ్గుతూ నడిచేవారు. ఆయన ఉద్దేశం మంచిది. రెండవది, ఆ ఏడు బావులు అడుగంటాయి. మొక్కుకున్న ఆడవాళ్ళు తేరు ముందర బిందెలతో నీళ్ళు పోయడం ఆ ఊరి ఆచారం. ఈసారికి మానుకోండని పెద్దలు చాటింపు వేయించారు. అందరూ మానుకున్నారు, భీమమ్మ ఒక్కతే మానుకోలేదు. తెల్లవారకముందే లేచి, ఏటి ఇసుకలో చెలమ తోడి, పదకొండు బిందెల నీళ్ళు తన నడుముమీదనే మోసుకొచ్చింది. పన్నెండేళ్ళ మొక్కు అది. మలుపు దగ్గర దిగుడులో, తేరు వచ్చే ముందు, బిందె తరువాత బిందె వంచింది.

అంగడి మలుపులో తేరు కుడికి తిరగాలి. శివన్న నేరుగా ముందుకు వెళ్ళి, రామసుబ్బయ్య అంగడి అరుగు దగ్గర, తరువాతి దిమ్మ చేతపట్టుకుని నిలబడ్డాడు. అది ఎప్పుడూ నిలబడే చోటే. తేరు కుడికి తిరిగిపోతుంది కనుక అక్కడ ప్రమాదం లేదు. "వెయ్" అని అరిచాడు. నరసన్న కుడి చక్రానికి దిమ్మ వేశాడు.

తేరు తిరగలేదు. నేరుగా పోయింది. అరుగుకూ తేరుకూ నడుమ శివన్న ఉన్నాడు.

ఆనాటి గురించి నేను పదిమందిని అడిగాను. పదిమందీ నరసన్న చేతినే చూశారు. వీధిని చూసినవాళ్ళు లేరు. "రవంత ముందర ఏసింటే అన్న బతికేవాడు" అనే మాట మొదట ఎవరన్నారో తెలియదు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. నరసన్నకూ అదే నిజమనిపించింది. మొదటి రాకలో అతను నాతో చెప్పిన తర్కం ఇది:

"దిమ్మ ఏళకు పడితే తేరు నిలస్తాదమ్మా. మా నాయన కాలం నుంచి అంతే. ఆ పొద్దు నిలబడల్యా. అంటే నా దిమ్మ ఏళకు పడల్యా. ఇంగ దాంట్లో అడిగేదేముండాది?"

పదకొండో రోజు దినకర్మలు ముగిశాక భీమమ్మ అందరి ముందూ మరిదితో అన్నది: "నీ ఆలస్యం చేత్తో ముట్టిన నీళ్ళు నా గొంతులో దిగకుండా చూస్తా. సచ్చేటప్పుడైనా సరే." తరువాత ఏడేళ్ళు ఆమె ఆ మాట తప్పలేదు. వాళ్ళ గడపలు రెండూ ఒకే పంచలో ఉన్నాయి.

తేరు హక్కు మరో ఇంటికి పోయింది. దిమ్మలన్నీ ఆ ఇంటివాళ్ళు పట్టుకుపోయారు, ఒక్కటి తప్ప. శివన్న చనిపోయిన నాటి దిమ్మను ముట్టడానికి ఎవరూ ఇష్టపడలేదు. నరసన్న దాన్ని తన తలపాగా బట్టలోనే చుట్టి అటకమీద పెట్టాడు.

1952లో కరువు. గంజి కేంద్రాలు పెట్టారు, కరువు పనులు తెరిచారు. కడప పక్క మెట్టలో విమానాలు దిగడానికి బాట వేస్తున్నారని తెలిసి, నరసన్న, సుంకమ్మ కంకర కొట్టడానికి వెళ్ళారు. పని ముగిసి చాలామంది తిరిగి వచ్చేశారు. వీళ్ళు ఆగిపోయారు. ఊరికి తిరిగిపోతే తేరును చూడవలసి వస్తుందని నరసన్న ఆగాడని సుంకమ్మ అభిప్రాయం.

ఆగిన విమానం మళ్ళీ కదలకుండా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టడానికి మైదానంలో ఒక మనిషి కావలసి వచ్చింది. ఓవర్సీరు అడిగినప్పుడు, కంకర పనిలో జతగాడైన బొజ్జన్న నోరు ఊరుకోలేదు.

"సారూ, ఈయప్ప తేరుకు దిమ్మలేసినోడు. మీ విమానమెంత?"

నరసన్న తల వంచుకున్నాడు. ఓవర్సీరు ఆ తల వంపును అణకువ అనుకుని పేరు రాసుకున్నాడు.

మొదటి విమానం దిగిన రోజున అతను చేసిన పని మైదానంలో చాలాకాలం నవ్వులాటగా మిగిలింది. అది రెండు ఇంజన్ల డకోటా. చక్రాలు నేలను తాకి దుమ్ము లేపగానే నరసన్న దిమ్మను రెండు చేతులా పట్టుకుని రన్‌వే వైపు పరుగెత్తాడు. దేవేంద్రప్ప వెంటపడి పంచె పట్టుకుని వెనక్కి లాగాడు. దేవేంద్రప్పది ఆదోని వైపు. యుద్ధకాలంలో విమానాల దళంలో మెకానిక్‌గా పనిచేసి వచ్చినవాడు.

"ఏమప్పా, సచ్చేకి పోతాండావా? ఆ పంకా తగిలితే నీ తల యాడ పడ్తాదో నీకే తెలీదు."

"ఆపేకి పోతాండా. ఎవరూ దిమ్మ ఎయ్యకుంటే యాడ నిలస్తాది అది?"

"నువ్వు ఎయ్యకున్నా నిలస్తాది. సుమ్మనె, ఊరికే నిలబడి చూడు."

విమానం తోకను దించుకుని, వేగం తగ్గించుకుని, ఎవరూ ముట్టకుండానే నిలిచింది. బొజ్జన్న పగలబడి నవ్వాడు. నరసన్న మాత్రం పిడిని పట్టుకున్న చేతుల్ని వదలలేదు. అంత బరువు తనంతట తాను ఆగడం అతను అంతకుముందు చూడలేదు.

ఆ రోజునుంచి అతనికి ఒకటే ధ్యాస. వారానికి ఒకటో రెండో విమానాలు దిగేవి. దిగిన ప్రతిదాన్నీ అది ఎక్కడ తాకింది, ఎక్కడ తోక దించింది, ఎక్కడ ఆగింది అని అడుగులు పెట్టి కొలిచేవాడు. తన తప్పు ఎంతసేపటిదో తెలుసుకోవాలని అతని కోరిక అని నేను అనుకుంటున్నాను. ఎంత ముందు వేసి ఉంటే అన్న బతికేవాడు? తేరు గురించి చెప్పగలవాళ్ళు ఊళ్ళో లేరు. విమానం గురించి దేవేంద్రప్ప చెప్పగలడు.

దేవేంద్రప్ప ఒక రోజు సుంకమ్మ చేట అడిగి తీసుకున్నాడు. ఎదురుగాలి గట్టిగా వీస్తున్నది. చేటను పక్కకు వాల్చి పట్టుకుని నరసన్నను పరుగెత్తమన్నాడు. తరువాత నిలువుగా అడ్డం పెట్టుకుని పరుగెత్తమన్నాడు.

"ఏమైంది?"

"గాలి ఎనక్కి తోస్తాండాది."

"అదే. మొదట ఆపేది గాలి. దాని కోసమే గాలికి ఎదురుగా దిగుతారు. రెక్కల ఎనకాల తలుపుల మాదిరి కిందికి ఏలాడతాయే, అవి నీ చేట. తోక దించినప్పుడు రెక్కలన్నీ గాలికి అడ్డం నిలస్తాయి, అది ఇంగా పెద్ద చేట. సగం ఏగం అట్లే పోతాది. బ్రేకు ఆఖర్న."

"ముందరే బ్రేకు తొక్కితే ఏమి?"

"రెక్కలు ఇంగా రవంత మోస్తాంటాయి. బరువు నేలమీదికి దిగిండదు. బరువు దిగని చక్రం నేలను యాడ పట్టుకుంటాది? బిర్రున తొక్కితే ముక్కుమీద పడ్తాది గూడా. అందుకే బరువు దిగినంక, కాళ్ళతో మెల్లగ తొక్కుతాడు. కుడి చక్రానికి ఒగటి, ఎడం చక్రానికి ఒగటి. కుడిది తొక్కితే కుడికి తిరుగుతాది."

నరసన్న చేటను సుంకమ్మకు అందించాడు. "మా తేరు గూడా అంతే" అన్నాడు.

దేవేంద్రప్పకు శ్రోతలు దొరికితే ఆగే అలవాటు లేదు. పెద్ద నగరాలకు వచ్చే నాలుగు ఇంజన్ల విమానాల సంగతి ఎత్తుకున్నాడు. వాటిలో కొన్నింటికి, నేలమీద దిగాక, పంకా రెక్కలు అడ్డం తిరిగి గాలిని ముందుకు తోస్తాయని, ఆ తోపుకు విమానం నెమ్మదిస్తుందని చెప్పాడు.

"అట్లయితే విమానం ఎనక్కి పోతాదా?" అన్నాడు బొజ్జన్న.

"పోదు. ఆగుతాది."

"నీ నోటికి గూడా అట్లాంటిదొగటి పెట్టించుకోప్పా. ఎన్నాళ్ళయినా ఆగదు అది."

ఆ రోజు నరసన్న నవ్వాడు. అన్న పోయాక అతను నవ్వగా చూడడం అదే మొదటిసారి అని సుంకమ్మ చెప్పింది.

1955 అక్టోబరులో తుపాను వాన మూడు రోజులు పట్టింది. మూడోనాటి మధ్యాహ్నం, వాన తెరిపి ఇచ్చిన వేళ, ఒక డకోటా దిగింది. గాలి, తోక, బ్రేకు అన్నీ మామూలుగానే నడిచాయి. రన్‌వే చివర అది కుడికి తిరిగి షెడ్డువైపు రావాలి. నరసన్న రెండు దిమ్మలతో కుడిపక్కన, చెప్పిన దూరంలో నిలబడి ఉన్నాడు. అక్కడికి వచ్చిపోయే విమానాల చక్రాల తిరుగుడు తెలియడానికి దేవేంద్రప్ప ముందే వాటి పక్కల మీద తెల్ల సున్నపు గీత గీసి ఉంచేవాడు. కుడి చక్రం గీత తిరుగుతూ తిరుగుతూ, పైలటు బ్రేకు తొక్కగానే, నిలిచిపోయింది. గీత నిలువుగా ఆకాశం వైపు చూస్తున్నది.

విమానం తిరగలేదు. నిలిచిపోయిన చక్రంతోనే నేరుగా, చప్పుడు లేకుండా, నీళ్ళమీద జారుకుంటూ వెళ్ళి, బాట దాటి ఇరవై గజాల అవతల బురదలో కూరుకుని ఆగింది. లోపలివాళ్ళు క్షేమంగా దిగారు. పైలటు తన బూట్లు చూసుకుని నవ్వుతున్నాడు. నరసన్న మాత్రం ఉన్నచోటనే నేలమీద కూలబడ్డాడు. దెబ్బ తగిలిందేమోనని దేవేంద్రప్ప పరుగున వచ్చాడు.

"చక్రం నిలబడింది" అన్నాడు నరసన్న. "నేను చూసినా. గీత నిలబడింది. నిలబడినంక గూడా ఎట్ల పోతాది?"

"బ్రేకు ఆపేది చక్రాన్ని. విమానాన్ని ఆపేది నేల. రెండిటి నడమ నీళ్ళొచ్చినాయి. తడి బాటమీద బ్రేకును పట్టి వదలాల, పట్టి వదలాల. ఒగేసారి బిగబడితే జారతాది."

"తొక్కినోడు ఆలస్యం చేసెనా?"

"ల్యా. ఏళకే తొక్కినాడు పాపం."

"చెక్క గూడా అట్లే జారతాదా? నున్నటి బండమీద, నీళ్ళుంటే?"

"ఇంగా గబుక్కున జారతాది. ఏమిటికప్పా?"

నరసన్న లేచి, దిమ్మలు దేవేంద్రప్ప చేతికి ఇచ్చాడు. సెలవు అడిగి, సుంకమ్మను వెంటబెట్టుకుని, దొరికిన బండిలో ఊరికి వెళ్ళాడు. మరునాటి పొద్దున అటకమీది మూట దించి, ఐదేళ్ళ తరువాత ఆ దిమ్మను వెలుతురులో చూశాడు.

దిమ్మ పైభాగాన రెండు వేళ్ళ లోతున ఇనుపపట్టా నొక్కిన గుర్తు ఉన్నది. చక్రం దిమ్మమీదికి ఎక్కి నిలిచింది అనడానికి అది సాక్ష్యం. వేళకు పడని దిమ్మ పక్కకు ఎగిరిపోతుంది, దానిమీద అలాంటి గుర్తు పడదు. తిప్పి చూశాడు. దిమ్మల అడుగున మామూలుగా కంకర గుచ్చుకున్న గుంటలు ఉంటాయి. దీని అడుగున జానెడు పొడవున, తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి గీతలు ఉన్నాయి. బండమీద చాలా దూరం ఈడ్చుకుపోయిన గీతలు.

"ఎక్కింది ఏమ్మే" అన్నాడు భార్యతో. "చక్రం నా దిమ్మ ఎక్కింది. నేను ఏళకే ఏసినా. దిమ్మే జారింది. ఇదో, చూడు."

సుంకమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటికప్పుడు షావుకారు ఇంటికి పోదామని లేచింది.

"పా. ఊరందరికీ చూపిద్దాం. నీ చెయ్యి మంచిదేనని చెప్తాం. నున్నటి బండలు, పైన నీళ్ళు... అంతే గదా? ఆ కరువులో నీళ్ళు మాత్రం యాడివి ఆ పొద్దు..."

అంటూనే ఆగి, నోటిమీద చెయ్యి పెట్టుకున్నది. గోడ అవతల భీమమ్మ జొన్నలు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నది.

1956 ఫిబ్రవరిలో గుడి పెద్దలు నరసన్నకు కబురు పంపారు. హక్కు తీసుకున్న కొత్త ఇంటివాళ్ళకు పని కుదరలేదు. రెండేళ్ళుగా తేరు మలుపుల్లో గోడలను రాసుకుంటున్నది. నరసన్నను మళ్ళీ పిలవాలని కొందరు, వద్దని కొందరు. ఆ రోజు ఏమి జరిగిందో అతను అందరి ముందూ చెప్పాలని, భీమమ్మ కాదనకుంటే హక్కు తిరిగి ఇవ్వాలని రామసుబ్బయ్య ఒక దారి చూపాడు.

సుంకమ్మ భర్తను ఒప్పించింది. వదినె పేరు ఎత్తవద్దు, నీళ్ళ మాట ఎత్తవద్దు, బండలు నున్నగా ఉన్నాయి, దిమ్మ జారింది అని మాత్రం చెప్పమన్నది. దిమ్మను తువ్వాలలో చుట్టి అతని చంకలో పెట్టింది. ఆ పొద్దున అతను గడ్డం గీయించుకున్నాడు. తలపాగా చుట్టుకోవడానికి కొత్త బట్ట ఉన్నదా అని కూడా అడిగాడు.

గుడి మంటపంలో ఇరవైమంది దాకా కూర్చున్నారు. భీమమ్మ స్తంభం పక్కన నిలబడింది.

"చెప్పప్పా నరసన్నా. భయపడాకు" అన్నాడు రామసుబ్బయ్య.

"ఆ పొద్దు... బండలు కొత్తవి గదా సామీ..."

"బండలకేమైంది? ముందర వారం నుంచి మంది నడిచినారు, పల్లకీ నడిచింది. ఒగరన్నా జారినారా? పొడిబండ ఎవరిని జారుస్తాది?"

నరసన్న నోరు తెరిచాడు. పొడిగా లేవు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట రాకముందే భీమమ్మ ముందుకు వచ్చింది.

"చెప్పనీండి. ఏమి చెప్తాడో నేనూ ఇంటా. కడుపు పండల్లని పదకొండు బిందెలు మోసినా నేను, చెలమ నుంచి. ఈ నడుము పచ్చిపుండయింది. ఆ పోసిన నీళ్ళు ఆరకముందే, ఆ తడిలోనే నా మొగుడు పడిండె. ఏమి పాపం చేసినానని? బండల మీదికి తోస్తాండావా మరిదీ? తోసెయ్. నోరుండాది గదా నీకు."

నీళ్ళు ఆరకముందే. ఆ మాట ఇరవైమంది విన్నారు. అందులో ఉన్నదేమిటో అందుకున్నవాళ్ళు లేరు. నరసన్న చంకలోని మూట బయటికి తీసి విప్పి, దిమ్మ అడుగు చూపించి ఉంటే, పిల్లవాడికి కూడా అర్థమయ్యేది. వెనక నిలబడిన సుంకమ్మ అతని చెయ్యి తువ్వాల ముడిమీదికి పోవడం చూసింది. చెయ్యి ముడిమీద ఆగి, మళ్ళీ కిందికి జారడం కూడా చూసింది.

"బండల తప్పేమీ ల్యా సామీ" అన్నాడు. "నా చెయ్యి ఆలస్యమైంది."

భీమమ్మ కాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయింది. హక్కు తిరిగి రాలేదు. ఆ తరువాత మూడు నెలలకు నేను పట్టిక పట్టుకుని వెళ్ళాను.

సుంకమ్మ ఊళ్ళోనే ఆగిపోయింది; నరసన్న మైదానం పనిలోనే ఉండిపోయి, సెలవులకు ఊరికి వచ్చిపోయేవాడు. వాన పడి బాట తడిస్తే మాత్రం, ఎవరూ చెప్పకుండానే, గోనెపట్టలు తీసుకుని వెళ్ళి, మలుపు దగ్గర నిలిచిన నీళ్ళను తుడిచేవాడు. "అంత బాటను గోనెపట్టతో యాడ తుడుస్తావప్పా?" అని దేవేంద్రప్ప మొదట ఎగతాళి చేశాడు. తరువాత తానూ ఒక పట్ట పట్టుకున్నాడు. కారణం మాత్రం అతనికి నేను చెప్పేదాకా తెలియదు.

1957 శ్రావణంలో భీమమ్మకు జ్వరం వచ్చింది. ఊళ్ళోకి వచ్చిన డాక్టరు, కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప మరేవీ ఇవ్వవద్దన్నాడు. ఇవ్వడానికి ఆమెకు ఎవరూ లేరు. సుంకమ్మ తెచ్చిన గంజిని ఆమె చేత్తో తోసేసింది. కబురు అందుకుని నరసన్న మైదానం నుంచి వచ్చాడు. వచ్చీరాగానే అటకమీది మూట దించి, గొడ్డలి అడిగాడు.

"అదొగటే గదయ్యా నీకుండే సాక్ష్యం" అన్నది సుంకమ్మ.

"అదుంటే ఎప్పుడో ఒగ పొద్దు నోరు జారతా."

దిమ్మను నాలుగు ముక్కలు చేసి, తీసుకుపోయి భీమమ్మ పొయ్యిలో పెట్టి, నీళ్ళ కుండ ఎక్కించాడు. వాకిట్లో వాన తుంపర పడుతున్నది. సుంకమ్మ గడప దగ్గర కూర్చున్నది. మంచంలో భీమమ్మ కళ్ళు తెరిచి, పొయ్యి దగ్గర ఉన్నదెవరో చూసింది. తిట్టలేదు. సన్నటి గొంతుతో అడిగింది.

"మరిదీ. ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు. నేను సస్తాండా, నాతో అబద్ధమొద్దు."

"అడుగు వదినా."

"ఆ పొద్దు నేను పోసిన నీళ్ళు నీ చక్రం కిందికి వచ్చెనా?"

ఏడేళ్ళుగా ఆమె ఆ ప్రశ్నను ఎవరినీ అడగలేదు. అడగకుండా ఉండడానికే మరిదిని అంత గట్టిగా తిట్టిందేమోనని సుంకమ్మకు అప్పుడు తోచిందట. నరసన్న పొయ్యిలో కట్టెను ముందుకు జరిపాడు. దిమ్మ అడుగుభాగం అది. గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

"ల్యా వదినా" అన్నాడు. "నీళ్ళు ఆ పక్కకే పారినాయి, ఏటవాలుకు. నా పక్క పొడిగానే ఉండె. నా చెయ్యే ఆలస్యమైంది."

"నిజమా?"

"అన్న మీద ఒట్టు."

భీమమ్మ కళ్ళు మూసుకున్నది. ఆమె ముఖంలో ఏదో బిగువు వదిలినట్లు సుంకమ్మ చూసింది. కొంతసేపటికి ఆమె చెయ్యి ముందుకు చాపింది.

"అట్లయితే రవంత నీళ్ళు పొయ్యి."

నరసన్న ముంతలో నీళ్ళు పోసి, ఊది చల్లార్చి, ఆమె తల ఎత్తి తాగించాడు. ముంతెడు నీళ్ళూ తాగి, ఆమె మళ్ళీ నిద్రపోయింది. మూడో రోజున ఆమె పోయింది. మరుసటి ఏడు అదే నెలలో నరసన్న కూడా పోయాడు.

ముదురు చింతకర్ర కనుక, ఆనాడు పొయ్యిలో నిప్పు సాయంత్రం దాకా ఆరలేదని సుంకమ్మ నాతో చెప్పింది.